టికెట్టు లేని షికారు

2025 ఆగస్టు 15 తర్వాత మా నరసరావుపేట బస్టాండులో ఆడవాళ్ళ పలకరింపులే మారిపోయాయి. ఇదివరకు "ఏం వదినా, యాడికి?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు "ఆధార్ తెచ్చుకున్నావా?" అని అడుగుతున్నారు. స్త్రీశక్తి పథకం మొదలైన రోజది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్... ఈ ఐదు రకాల ఆర్టీసీ బస్సుల్లో మన రాష్ట్రంలోని ఆడవాళ్ళు, ట్రాన్స్‌జెండర్లు గుర్తింపు కార్డు చూపించి పైసా ఇవ్వకుండా ప్రయాణం చెయ్యొచ్చు. కండక్టరు సున్నా రూపాయల టికెట్టు కొట్టి చేతిలో పెడతాడు. మా పక్కింటి వదిన మొదటి టికెట్టును పారెయ్యకుండా దేవుడి గూట్లో పెట్టుకుంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో బస్సు చార్జీకి ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా ఆవిడ ఊరు దాటడం అదే మొదటిసారి.

సరే, బస్సు ఫ్రీ అయింది. ఎక్కడికి వెళ్ళాలి? మా వీధిలో నలుగురైదుగురం కూర్చుని లెక్కేశాం. కోటప్పకొండ అన్నారొకరు. అమరావతి, మాచర్ల చెన్నకేశవస్వామి, పెదకాకాని, మంగళగిరి, బెజవాడ కనకదుర్గమ్మ... అన్నీ గుళ్ళే. నేను ఊరుకోలేక "వైజాగ్ వెళ్దాం, సముద్రం చూసొద్దాం" అన్నాను. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. "సముద్రం చూట్టానికి అంతదూరమా? ఇంట్లో ఏమని చెప్పేది?" అంది వదిన. చివరికి ఉపాయం కూడా ఆవిడే చెప్పింది. "సింహాచలం అప్పన్న దర్శనానికి పోతున్నాం అందాం." అంతే, అన్ని ఇళ్ళల్లోనూ ఒక్కరోజులో పర్మిషన్ వచ్చేసింది.

ఆ రోజు నుంచీ నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్నే ఈ వ్యాసం. ఖర్చు లేకపోతే చాలా, ఆడవాళ్ళు షికారుకి బయల్దేరడానికి? ఇంకేం కావాలి?

ముందు చిన్న సంగతి చెప్పాలి. విశాఖ దాకా మనకు ఉచిత బస్సు లేదు. దూరాలకు వెళ్ళే సూపర్ లగ్జరీలు, ఏసీ బస్సులు పథకంలోకి రావు. పల్నాడు నుంచి ఎక్స్‌ప్రెస్‌లు మారుకుంటూ వెళ్ళాలంటే నాలుగు వందల కిలోమీటర్లకు పైనే, నడుములు విరుగుతాయి. మేం నరసరావుపేటలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి టికెట్టు కొనుక్కునే వెళ్ళాం. ఊళ్ళో దిగాక మాత్రం సిటీ బస్సుల్లో ఆధార్ బాగానే పనిచేసింది. సింహాచలం వెళ్ళాం, దర్శనం చేసుకున్నాం. చెప్పిన మాట అబద్ధం కాకూడదు కదా!

ఏది ఫ్రీ, ఏది కాదు

విశాఖలో డబ్బు లేకుండా చూడదగ్గవి ఎన్నున్నాయో తెలిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆర్కే బీచ్ ఉంది. ఆ బీచ్ రోడ్డు పొడవునా విగ్రహాలు, 1971 యుద్ధంలో గెలుపు గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం ఉన్నాయి. హార్బరు దగ్గర పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఇంకోదాని మీద దర్గా. చర్చి ఉన్న రాస్ హిల్ మీద నిలబడితే కింద ఓడలు బొమ్మల్లా కనిపిస్తాయి. బీచ్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళ్తే రుషికొండ, ఇంకా ముందుకెళ్తే గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి. అక్కడ డచ్చివాళ్ళ పాత సమాధులున్నాయి. మధ్యలో దారికి ఒక పక్క కొండలు, మరో పక్క సముద్రం. ఆ దారిలో భీమిలి వెళ్ళే సిటీ బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందా, అదే పెద్ద షికారు. సున్నా టికెట్టు మీద ఇంతకంటే మంచి ప్రయాణం మన రాష్ట్రంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకైతే తెలీదు.

టికెట్టు పెట్టినవీ తక్కువేం లేవు. కురుసుర జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా ఉంది. బయటినుంచి చూడటం ఫ్రీ, లోపలికి టికెట్టు. దాని ఎదురుగా నేవీ విమానం 2017 నుంచి ఉంది, అదీ అంతే. కైలాసగిరికి రోప్‌వే, పైన బొమ్మ రైలు, 2025 డిసెంబరులో తెరిచిన గాజు వంతెన, దేనికదే టికెట్టు. అదే సంవత్సరం ఆగస్టు చివర్లో బీచ్ రోడ్డు మీదకి ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ బస్సులు వచ్చాయి. రోజంతా ఎక్కి దిగే టికెట్టు 500 రూపాయలనీ, అందులో సగం ప్రభుత్వం భరిస్తుందనీ ప్రకటించారు. సగం పోయినా రెండు వందల యాభై. పథకానికి సరిగ్గా రెండు వారాల తర్వాత వచ్చిన ఈ బస్సులో మన ఆధార్ చెల్లదు.

సినిమా టికెట్టు కొంటాం, జలాంతర్గామి టికెట్టు కొనడానికేం అభ్యంతరం? నాకూ లేదు. కష్టపడి ఒక వస్తువుని నిలబెట్టినప్పుడు దాని ఖర్చు రాబట్టుకోవాలి. కానీ 2023 జులైలో ఏం జరిగిందో గుర్తుందా? రుషికొండ బీచ్‌లోకి అడుగుపెట్టడానికి మనిషికి 20 రూపాయలు పెట్టబోయారు. జనమూ పార్టీలూ గొడవ చేస్తే వెనక్కి తగ్గారు. వాళ్ళు చెప్పిన కారణం కొట్టిపారేసేది కాదు. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీళ్ళ నాణ్యత, శుభ్రత, మరుగుదొడ్లు, భద్రత ఇవన్నీ చూసి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. నిలబెట్టుకోవాలంటే ఏటా ఖర్చు ఉంటుంది. నిర్వహణ బాగాలేదని ఫిర్యాదులు వెళ్తే 2025 మొదట్లో ఆ గుర్తింపును తాత్కాలికంగా తీసేశారు కూడా. తర్వాత మళ్ళీ ఇచ్చారు.

ఇరవై రూపాయలేగా అనిపిస్తుంది. ఒక్కరికైతే ఇరవయ్యే. అమ్మ, అత్త, ఇద్దరు పిల్లలతో వెళ్తే ఎంత? పైగా ఆ డబ్బు ఎవరి పర్సులోంచి వస్తుందన్నది మనింట్లో మనకు తెలీదా? టికెట్టు ఉన్న చోటికి వెళ్ళాలంటే ఎవరో ఒకరిని అడగాలి. అడిగినప్పుడు "ఎందుకు?" అని వస్తుంది. సముద్రాన్ని చూడటానికి ఎందుకని అడిగితే జవాబేముంది?

చట్టం కూడా ఈ విషయంలో మన వైపే ఉందని చెప్పుకోవచ్చు. 1996లో కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు సముద్రతీరం, ప్రవహించే నీరు, గాలి, అడవులు జనం ఉమ్మడి సొత్తని, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేనని చెప్పింది. అది హిమాచల్‌లో బియాస్ నది గురించి వచ్చిన తీర్పే అయినా సూత్రం మన తీరానికీ వర్తిస్తుంది. భీమిలిలో ఒడ్డునే లేపిన కాంక్రీటు గోడల్ని హైకోర్టు ఆదేశాలతో 2024లో కూలగొట్టారు. గోడ కట్టడం, గేటు పెట్టడం, టికెట్టు చింపడం ఇవన్నీ ఒక్క కుటుంబంలోవే అని నాకనిపిస్తుంది.

ఖాళీగా కూర్చున్నది ఎవరు?

తెల్లవారుజామున ఆర్కే బీచ్‌కి వెళ్ళాం. ఆ వేళప్పుడు బీచ్ రోడ్డు మీద కొంతమేర వాహనాలు ఆపేస్తారు. ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. పంజాబీ డ్రెస్సులో, బూట్లు తొడుక్కుని చకచకా నడిచే అమ్మాయిలు, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నడిచే పెద్దవాళ్ళు, చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసకలో కాళ్ళు పెట్టుకునే మాలాంటి ఊరివాళ్ళు. మా వదిన మొదటి అల కాళ్ళకు తగలగానే కేక పెట్టింది. తర్వాత అరగంట మా మాట వినిపించుకోలేదు.

నాకు కాస్త లెక్కల పిచ్చి. ఒక బెంచీ దగ్గర నిలబడి ఎవరేం చేస్తున్నారో చూశాను. మగవాళ్ళు ఒక్కొక్కరు ఏ పనీ లేకుండా సముద్రం చూస్తూ కూర్చున్నారు. పేపరు చదివేవాళ్ళున్నారు, ఊరికే కాళ్ళు చాపుకున్నవాళ్ళున్నారు. ఆడవాళ్ళలో ఒంటరిగా, ఊరికే కూర్చున్నవాళ్ళు నాకు ఒక్కరే కనిపించారు. మిగతావాళ్ళకి ఏదో ఒక పని ఉంది. నడక డాక్టరు చెప్పిన పని. పిల్లాడిని ఆడించడం పని. టిఫిను డబ్బా విప్పి పెట్టడం పని. సాయంత్రం వెళ్తే మరో రకం పని చేసే ఆడవాళ్ళు కనిపిస్తారు, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళు, బజ్జీలు వేసేవాళ్ళు. జాలరిపేట ఆడవాళ్ళకైతే ఈ ఇసుకే చేపలు ఎండబెట్టే కళ్ళం. తీరాన్ని అందంగా చేస్తామని బొమ్మలు, లైట్లు పెట్టినప్పుడల్లా వాళ్ళ కళ్ళం ఎటు జరుగుతుందో కూడా అడగాలి. షికారుకి వచ్చిన నేను వాళ్ళ చోటు ఆక్రమించకూడదు.

తొమ్మిదయ్యేసరికి అసలు సమస్య వచ్చింది. చదివేవాళ్ళందరికీ తెలిసిందే, ఎవరూ రాయరు. బాత్రూము. మేం ఐదుగురం పొద్దున లేచినప్పటినుంచీ కాఫీ తాగలేదు, మంచినీళ్ళు గుటక వేసి ఊరుకున్నాం. ఊరు దాటేటప్పుడు నీళ్ళు తాగకపోవడం మా అమ్మ నేర్పింది, ఆవిడకి వాళ్ళమ్మ నేర్పింది. అయినా ఎంతసేపు? దగ్గర్లో ఒకచోట మరుగుదొడ్డి ఉంది, తాళం ఉంది. ఇంకోచోట తెరిచి ఉంది, నీళ్ళు లేవు. చివరికి ఒక హోటల్లోకి వెళ్ళి, అక్కరలేని ఇడ్లీలు తిని, ఆ వంకతో పని కానిచ్చుకున్నాం. ఆ ఇడ్లీ బిల్లే మా ఉచిత షికారుకి టికెట్టు. నీళ్ళు తాగకుండా బిగబట్టుకుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు వస్తాయని డాక్టర్లు చెబుతూనే ఉంటారు. షుగరు ఉన్నవాళ్ళకి, నెలసరిలో ఉన్నవాళ్ళకి, నెలలు నిండుతున్నవాళ్ళకి ఇంకెంత కష్టం!

చెయ్యలేక కాదు. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఇదే తీరంలో ప్రధాని సమక్షంలో లక్షల మంది చాపలు పరిచారు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు కిలోమీటర్ల కొద్దీ తాత్కాలిక మరుగుదొడ్లు, మంచినీళ్ళు, వైద్య శిబిరాలు పెట్టారు. ఒక్క పొద్దుటి పూట కోసం.

గుళ్ళకే ఎందుకు వెళ్తాం?

కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరులో ఆడవాళ్ళకి బస్సులు ఫ్రీ చేసినప్పుడు మొదట కిక్కిరిసినవి గుళ్ళే. అక్కడ ధర్మస్థల, ఇక్కడ యాదగిరిగుట్ట, వేములవాడ. మన దగ్గరా అదే వరస. "ఫ్రీ అనగానే తీర్థయాత్రలకు ఎగబడ్డారు" అని ఎంతమంది వెక్కిరించారో! మా ఇంట్లోనూ విన్నాను. భక్తి ఉండటం నిజమే. కానీ విశాఖ నుంచి తిరిగొచ్చే రైల్లో నాకు ఇంకో సంగతి తట్టింది.

గుడికి వెళ్తే ఏముంటాయి? నీడ ఉంటుంది. మండపంలో కాళ్ళు చాపుకుని గంటసేపు కూర్చున్నా "ఎవరమ్మా నువ్వు" అని ఎవరూ అడగరు. కుళాయి ఉంటుంది. బాగో బాగాలేదో మరుగుదొడ్డి ఉంటుంది. పెద్ద గుళ్ళలో అన్నదానం ఉంటుంది. చుట్టూ మనలాంటి ఆడవాళ్ళే ఉంటారు. చీకటి పడేదాకా లైట్లు వెలుగుతుంటాయి. ఇంట్లో "ఎందుకు?" అనే ప్రశ్న రాదు. ఒక ఆడది బయట నాలుగు గంటలు గడపడానికి ఏమేం కావాలో అవన్నీ, పైసా లేకుండా, ఒకేచోట దొరికేది మన ఊళ్ళల్లో గుడి ఒక్కటే. మరి అక్కడికి కాక ఎక్కడికి వెళ్తాం? ఈ సదుపాయాలు పార్కులో ఉంటే పార్కుకి, ఇసకలో ఉంటే ఇసకలోకి కూడా వెళ్తాం.

ఇది కొత్త ఊహేం కాదు. మా పల్నాటి శాసనాల్లోనే ఉంది. మూడో శతాబ్దంలో విజయపురిలో, అంటే మాచర్ల దాటాక ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉన్న నాగార్జునకొండ లోయలో, మహాచైత్యం కట్టించింది ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి సోదరి. ఆమె రాజకుటుంబం మనిషి. బోధిశ్రీ అనే ఉపాసిక కూడా ఉండేది. ఆమె తాను కట్టించినవన్నీ రాయి మీద చెక్కించింది. చైత్యగృహం, భిక్షువుల గదులు, రాతి మండపాలు, ఒక తటాకం. అన్నీ ఒక్కచోట కావు, చాలా ఊళ్ళల్లో. ధర్మం కోసం చేసిందే, కానీ జాబితా చూడండి: నీళ్ళు, నీడ, కూర్చునే చోటు. విశాఖ-భీమిలి దారిలో తొట్లకొండ మీద బౌద్ధారామానికి ఆ పేరొచ్చింది కూడా కొండరాతిలో తొలిచిన నీళ్ళ తొట్ల వల్లే. రెండు వేల ఏళ్ళ కిందట కొండెక్కేవాళ్ళకి నీళ్ళు కావాలని తోచింది!

కోటప్పకొండ కథ మా దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆనందవల్లి అనే గొల్లభామ రోజూ కొండెక్కి శివుణ్ణి కొలిచేది. గర్భవతి అయ్యాక ఎక్కలేక, నువ్వే కిందికి రమ్మని అడిగింది. వస్తాను, వెనక్కి తిరిగి చూడకు అన్నాడు స్వామి. ఆమె చూసింది, ఆయన మధ్యలోనే ఆగిపోయాడు. ఇప్పుడు ఆ కొండకి ఘాట్ రోడ్డు ఉంది, బస్సు పైదాకా వెళ్తుంది. ఆ కథ చెప్పుకున్నప్పుడల్లా అందరం ఆమె వెనక్కి చూసినందుకు అయ్యో అంటాం. నాకు మాత్రం ఎక్కలేకపోతున్నానని దేవుడితోనే చెప్పిన ఆ ధైర్యం నచ్చుతుంది. మనం మున్సిపల్ కౌన్సిలరుతో కూడా చెప్పం.

మనకు దగ్గరి సముద్రం

పల్నాడుకు సముద్రం లేదు. కానీ దూరమూ కాదు. నరసరావుపేట నుంచి చిలకలూరిపేట మీదుగా చీరాల, అక్కడినుంచి వాడరేవు. లేదంటే బాపట్ల, సూర్యలంక. పొద్దున బయల్దేరితే రాత్రి అన్నం వేళకి ఇంట్లో ఉండొచ్చు. పల్లెవెలుగో ఎక్స్‌ప్రెస్సో, మన సున్నా టికెట్టు పనికొస్తుంది.

కార్తీక పౌర్ణమినాడు ఈ రెండు తీరాలూ ఎలా ఉంటాయో చూసినవాళ్ళకి తెలుసు. వేలమంది ఆడవాళ్ళు. ఆ రోజుకి బట్టలు మార్చుకోవడానికి తాత్కాలిక గదులు, పోలీసులు, ఈతగాళ్ళు, లైట్లు. మర్నాటికి అవన్నీ ఊడదీసి పట్టుకెళ్ళిపోతారు. ఆ తర్వాత ఏ ఆదివారమో వెళ్ళిన ఆడవాళ్ళు చీర కొంగులు అడ్డంపెట్టుకుని తడిబట్టలు మార్చుకోవాలి. సూర్యలంక అభివృద్ధికి కేంద్రం నిధులు మంజూరు చేసింది, సంతోషం. ఆ డబ్బులో మొదటి ఇటుక దేనికి పెడతారో చూడాలి. ఫొటోలు దిగే ఆర్చికా, ఆడవాళ్ళ గదికా?

ఇంకో మాట, నవ్వులాటకి కాదు. 2024 జూన్‌లో వరసగా మునిగి చనిపోతుంటే ఆ తీరంలో బీచ్‌లను పోలీసులు కొన్నాళ్ళు మూసేశారు. విశాఖలోనూ ప్రాణాలు పోతూనే ఉంటాయి. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ తిరిగి సముద్రంలోకి వెళ్ళడానికి ఒక సన్నటి దారి చేసుకుంటాయి. అక్కడ అలలు విరగవు, నీళ్ళు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తాయి. చూసి మోసపోయి అక్కడే దిగుతాం. అది లోపలికి లాగేస్తుంది. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలిసిపోతాం. ఒడ్డుకు సమాంతరంగా పక్కకి జరగాలి, లాగుడు తగ్గాక ఒడ్డుకి రావాలి. ఈత రానివాళ్ళం మోకాలి లోతు దాటకపోవడమే మంచిది. చీరలో అసలు వద్దు, తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటుంది. పిల్లల చెయ్యి వదలొద్దు. లైఫ్‌గార్డులు ఉన్న వేళల్లోనే దిగాలి. వాళ్ళు ఏ వేళల్లో ఉంటారో తెలిపే బోర్డు తెలుగులో, పెద్దక్షరాలతో ప్రతి దిగుడు దగ్గరా పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

ఉచిత ప్రయాణం లెక్కల్ని ప్రభుత్వం టికెట్ల సంఖ్యలో చెబుతుంది. ఎన్ని కోట్ల ప్రయాణాలు, ఆర్టీసీకి ఎంత చెల్లించాం అని. బస్సు దిగాక ఆమె ఎక్కడ కూర్చుంది, ఏం తాగింది, ఎన్నింటికి భయపడి వెనక్కి బయల్దేరింది అనేది ఏ లెక్కలోనూ లేదు. ఆ లెక్క మనమే చెప్పాలి. మా వీధి వాళ్ళం ఒక కాగితం రాశాం. వాడరేవు, సూర్యలంక బస్సు దిగే చోట మరుగుదొడ్లు రోజంతా తెరిచి, నీళ్ళతో ఉండాలి. బట్టలు మార్చుకునే గదులు ఏడాది పొడవునా ఉండాలి. నీడ ఉన్న బెంచీలు, చీకటి పడ్డాక లైట్లు, చీరాల నుంచి చిలకలూరిపేటకి సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికో రాసిన బోర్డు. ఇరవై మూడు సంతకాలు అయ్యాయి. రెండు మా వీధి మగవాళ్ళవి.

సంతకం పెట్టేటప్పుడు మా వదినని వాళ్ళాయన అడిగాడు, "వాడరేవులో ఏం గుడి ఉంది?" అని. "గుడికి కాదు, సముద్రానికి" అందావిడ. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు గానీ ఇంకేం అనలేదు. వచ్చే ఆదివారం ఆరున్నర బస్సుకి వెళ్తున్నాం. పులిహోర నేను తెస్తున్నాను, నీళ్ళు ఎవరివి వాళ్ళే.